మా ఊరి అంగన్‌వాడీకి 60 వేలతో ఏం కొనిస్తే పిల్లోళ్ళకి నిజంగా పనికొస్తుంది?

కోసిగి_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది కర్నూలు జిల్లా కోసిగి పక్కన చిన్న పల్లె, నేను బెంగళూరులో జాబ్. మా టెన్త్ బ్యాచ్ వాళ్ళం వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుని ఒక 60 వేల దాకా పోగు చేసినాం, ఊర్లో అంగన్‌వాడీకి ఏదన్నా చేద్దామని. సగం మంది స్మార్ట్ టీవీ అంటారు, ఇంకో సగం ప్లాస్టిక్ జారుడుబండ, రంగుల కుర్చీలు అంటారు, ఒకడైతే గోడలకి కార్టూన్ బొమ్మలేయించి కింద మన బ్యాచ్ పేరు రాయిద్దాం అంటాడు (వాడు వచ్చే ఎలక్షన్లో వార్డు మెంబరుకి నిలబడాలని చూస్తున్నాడులే, అది వేరే కథ).

నా డౌట్ ఏందంటే, మా సైడ్ సంగతి తెలిసినోళ్ళకి తెలుసు, వాన సరిగ్గా పడకపోతే ఊరు ఊరంతా సుగ్గికి, అంటే కూలి పనికి వలస పోతుంది. ముందు పత్తి తీతకి, ఆ తర్వాత మిరపకాయ కోతకి, గుంటూరు, పల్నాడు వైపు, కొంతమంది తెలంగాణకి. ఇంటికి తాళం పడుతుంది, ముసలోళ్ళు మాత్రం మిగుల్తారు. బడికి పోయే పిల్లల్ని కొందరు సీజనల్ హాస్టల్లో వదిలిపెట్టి పోతారు, కానీ ఆరేళ్ళ లోపు వాళ్ళకి హాస్టల్ యాడుంది, చంకలో ఏసుకుని పోవాల్సిందే. పోయిన సంక్రాంతికి ఊరికి పోతే అంగన్‌వాడీలో రిజిస్టర్‌లో ఉన్న పిల్లల్లో సగం మంది కూడా లేరు. మరి టీవీ పెడితే ఎవరు చూస్తారు? అసలు ఈ వయసు పిల్లలకి ఏం అవసరమో తెలిసినోళ్ళు ఎవరన్నా చెప్పండి. డబ్బు తక్కువే, కానీ దండగ కాకూడదు.

మిరప_నేల_టీచరమ్మ

తమ్ముడూ, మీ ఊరి వాళ్ళు వచ్చేది మా ఊరికే. నేను పల్నాడులో అంగన్‌వాడీ టీచర్ని, జనవరి వచ్చిందంటే మా పొలాల గట్ల మీద ప్లాస్టిక్ పట్టాల గుడారాలు లేస్తాయి, అందులో సగం మంది మీ ఆదోని, కోసిగి, మంత్రాలయం వాళ్ళే. ఆ పిల్లల్ని నేను దగ్గరగా చూస్తాను కాబట్టి చెప్తున్నా. తల్లి తెల్లారకముందే కోతకి దిగుతుంది, చంటిదాన్ని గట్టున చెట్టుకి చీర ఉయ్యాల కట్టి పడుకోబెడుతుంది, ఉయ్యాల ఊపేది ఏడెనిమిదేళ్ళ అక్క. మధ్యాహ్నం పాలివ్వడానికి వచ్చినా చేతులకి కారం ఉంటుంది కదా, నూనె రాసి రుద్ది రుద్ది కడుక్కున్నాకే బిడ్డని ముట్టుకుంటుంది, అయినా పిల్లల కళ్ళు ఎర్రగానే ఉంటాయి, దగ్గుతూనే ఉంటారు. మూడు నాలుగేళ్ళ వాళ్ళు రోజంతా ఆ మిరప కల్లాల మధ్యే.

వాళ్ళని సెంటర్‌కి పంపమని కూలీలని తెచ్చే మేస్త్రీకి చెప్తే కొందరు పంపుతారు, కొందరు దూరం అని పంపరు. వచ్చిన పిల్లలు మొదట్లో నోరు విప్పరు. మా యాసా కొత్తే, మేమూ కొత్తే. అన్నం మాత్రం గబగబా తింటారు, తింటూ ఒక గుడ్డు ముక్క గుప్పెట్లో దాచుకుంటారు తమ్ముడికో చెల్లికో. మేము అడగం.

సరుకు మాత్రం రిజిస్టర్‌లో పేరుని బట్టే వస్తుంది. మేము పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో మైగ్రేషన్ ఆప్షన్ ఉంది, మీ ఊరి టీచర్ అక్కడ నుంచి పంపితే ఇక్కడ నా లిస్టులోకి వస్తారు. కానీ వాళ్ళు రాత్రికి రాత్రి బండెక్కి వచ్చేస్తారు, ఎవరికీ చెప్పరు. అక్కడ పేరు ఉంటుంది, పిల్లాడు ఉండడు, ఇక్కడ పిల్లాడు ఉంటాడు, పేరు ఉండదు.

ఇంక టీవీ సంగతి. వద్దు. మా పక్క సెంటర్లో ఎవరో దాత ఇచ్చిన టీవీ బీరువా పక్కన గుడ్డ కప్పి ఉంది. బొమ్మలు కూడా అంతే, ఖరీదైనవి ఇస్తే పోతే మేమే కట్టుకోవాలేమో అని భయపడి తాళం వేసేస్తారు, ఇన్‌స్పెక్షన్ రోజు తీస్తారు. అందుకే విరిగినా పర్లేదు అనిపించే వస్తువులు ఇవ్వండి. కింద పరచడానికి మంచి చాపలు, పిల్లల చేతికి అందే ఎత్తులో చెక్క అర, చెక్క దిమ్మలు, పూసలు, పలకలు, రంగు సుద్దలు, పెద్ద బొమ్మలతో తెలుగు కథల పుస్తకాలు. ఇచ్చేటప్పుడు కాగితం మీద "ఇవి వాడి పాడుచేయడానికే ఇచ్చాం" అని రాసి సంతకం పెట్టండి, నవ్వకండి, ఆ ఒక్క కాగితంతో టీచర్‌కి ఎంత ధైర్యం వస్తుందో.

నిజం_నిష్ఠూరం

అందరూ ఏమనుకున్నా సరే, అంగన్‌వాడీ అంటే గుడ్లు, పాలు, బాలామృతం పిండి ప్యాకెట్, అంతే. చదువు ఎక్కడుంది అక్కడ? మా అక్క కూతుర్ని మూడేళ్ళకే ఇంగ్లీష్ మీడియం నర్సరీలో వేశాం, ఇప్పుడు యూకేజీ, వంద దాకా అంకెలు గడగడా చెప్తుంది. ఆ 60 వేలతో ఊర్లో తెలివైన ఇద్దరు పిల్లలకి ప్రైవేట్ ఫీజు కట్టండి, కనీసం ఇద్దరు బాగుపడతారు. ఇంకోటి, పేదరికం పేదరికం అంటారు గానీ ప్రతి ఇంట్లో సెల్ ఉంది, సాయంత్రానికి క్వార్టర్ ఉంది. పిల్లల మీద శ్రద్ధ లేకపోతే ఎవరేం చేస్తారు.

ఏకోపాధ్యాయుడు

పై కామెంట్‌కి జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ స్కూల్ టీచర్ని, టీచరమ్మ చెప్పిన ఆ మండలాల్లోనే పని చేశాను.

మూడేళ్ళ పిల్లల్లో తెలివైన ఇద్దరిని ఎలా ఏరుతారండి, పరీక్ష పెడతారా? వంద దాకా గడగడా చెప్పడం సంతోషమే, కానీ ఏడు గోళీలు పక్కన పెట్టమంటే పెడుతుందా చూడండి, అది లెక్క. నాలుగేళ్ళ వాళ్ళతో నాలుగు గీతల కాపీలో పేజీలు నింపించే నర్సరీలే ఎక్కువ. కేంద్రం 2024లో మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి 'ఆధారశిల' అని కరికులమ్ తెచ్చింది, అందులో ఉన్నదంతా ఆట, పాట, మాట. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అన్నారు, ఒకటో క్లాసుకి ముందు మూడేళ్ళు చదువులో భాగమే అని. కాగితం మీద అంతా బానే ఉంది.

కానీ చట్టం దగ్గరికొచ్చేసరికి విద్యా హక్కు ఆరేళ్ళకి మొదలవుతుంది. 2009 చట్టంలో 11వ సెక్షన్ ఒకటుంది, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా పూర్వ ప్రాథమిక విద్యకి ఏర్పాటు చేయొచ్చు అని. చేయాలి అని కాదు, చేయొచ్చు అని. డబ్బు పథకాలూ అంతే, అప్పుడు అమ్మ ఒడి అయినా ఇప్పుడు తల్లికి వందనం అయినా ఒకటో క్లాసు నుంచే. ఆరేళ్ళ లోపు బిడ్డ ఉన్న తల్లికి ప్రసవం టైంలో వచ్చే మాతృ వందన డబ్బు తప్ప చేతికి ఏమొస్తుంది చెప్పండి. కూలి మానుకుని బిడ్డ దగ్గర కూర్చుంటే ఆ రోజు పొయ్యి ఎలా వెలుగుతుంది. సెల్‌ఫోన్ గురించి అన్నారు కదా, మేస్త్రీ పనికి పిలిచేది ఆ ఫోన్‌లోనే సార్, అది లేకపోతే కూలే లేదు. తాగేవాళ్ళు ఉన్నారు, కాదనను, తాగనివాళ్ళ పిల్లలు కూడా అదే బండిలో ఎక్కుతున్నారు మరి.

ఇంకోటి ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. చంటిపిల్లని చూసుకునేవాళ్ళు లేక బడి మానేసేది పెద్ద పిల్ల. నా క్లాసులో మూడో తరగతి అమ్మాయి, చదువులో ముందుండేది, చెల్లి పుట్టాక సుగ్గికి వాళ్ళతో పాటు పోయింది. హాస్టల్లో సీటు ఉంది, నేనే అడిగాను పంపమని. "మరి చిన్నదాన్ని ఎవరు ఎత్తుకోవాల సార్" అన్నది వాళ్ళమ్మ. తిరిగొచ్చేసరికి వేసవి సెలవులు. చిన్నదాన్ని పగలంతా ఉంచుకునే చోటు ఒకటి ఉండి ఉంటే పెద్దది బడిలో ఉండేది. ఉపాధి హామీ చట్టంలో 2005లోనే రాశారు, పని దగ్గర ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళని చూసుకోడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని. అది ప్రభుత్వ పని మాట. ప్రైవేటు మిరప చేలో ఆ రూలు ఎవడు అడుగుతాడు.

కోసిగి తమ్ముడికి నా సలహా, వస్తువుల కంటే మనిషి మీద పెట్టండి. తమిళనాడులో 320 అంగన్‌వాడీల్లో ఒక పరిశీలన చేశారు, ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ళది. సెంటర్‌కి అదనంగా ఒక్క స్థానిక అమ్మాయిని పూట పనికి పెట్టి, పిల్లల చదువు ఆమెకి అప్పజెప్పారు. చదువుకి దొరికే టైం రెట్టింపు అయింది, పిల్లలకి లెక్కలూ భాషా మెరుగయ్యాయి, అంతే కాదు పోషణ సైడ్ కూడా బాగుపడింది, ఎందుకంటే పాత టీచర్‌కి ఆ పని చూసుకునే తీరిక దొరికింది. ఆమె మీద ఎంత భారం ఉందో మనకి తెలుసుగా, యాప్‌లు, సర్వేలు, కొంతమందికి ఓటర్ల జాబితా చూసే బీఎల్‌వో డ్యూటీ కూడా, ఇంటికిచ్చే రేషన్‌కి 2025 జూలై నుంచి ముఖం ఫోటో కలవాలంట. ఏపీలో టీచర్ జీతం 11,500, ఆయాకి 7,000, దాని కోసమే 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అక్కడ చదువు లేదు అనడం తేలిక, చదువు చెప్పే టైం ఎవరిచ్చారు వాళ్ళకి.

జబ్బ_కొలత_సిస్టర్

స్టాఫ్ నర్సుని, చిన్నపిల్లల వార్డులో చేసేదాన్ని. చదువు చదువు అని అందరూ మాట్లాడుతున్నారు, కడుపు సంగతి ముందు చూడండి బాబూ. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు, ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళలో రక్తహీనత 63.2 శాతం. తెలంగాణలో ఈ రెండూ ఇంకా ఎక్కువ, 33.1, 70. అంటే ఊర్లో ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి రక్తం తక్కువ. రక్తం తక్కువున్న పిల్లాడు ఏడవడు, అల్లరి చేయడు, ఒక మూల కూర్చుంటాడు, తల్లేమో "మావోడు చానా నిదానం సిస్టర్" అంటుంది మురిపెంగా. వాడు నిదానం కాదమ్మా, ఓపిక లేక. ఆ వయసులో పిల్లలు నేర్చుకునేదే తిరిగి, ముట్టుకుని, పడేసి, అడిగి. తిరగడానికే ఓపిక లేనోడు ఏం నేర్చుకుంటాడు.

గర్భం నుంచి రెండేళ్ళు నిండేదాకా వెయ్యి రోజులు అంటారు కదా, ఎత్తు దెబ్బ తినేది ఎక్కువ అప్పుడే, తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా పూడదు. కానీ అందుకని చేతులెత్తేయక్కర్లేదు. జమైకాలో కింగ్‌స్టన్ పేదవాడల్లో 1986-87లో అలా ఎదుగుదల ఆగిన 129 మంది చిన్నపిల్లలతో ఒక పని చేశారు, కొందరి ఇళ్ళకి వారానికి ఒకసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి గంటసేపు తల్లీబిడ్డలతో ఆడించేది, తల్లికి ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించాలో చూపించేది. రెండేళ్ళు. బొమ్మలు కూడా కొన్నవి కాదు, ఇంట్లో దొరికే డబ్బాలు, సీసాలతో చేసినవే. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లలు మిగతావాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. టీవీ కొనే ముందు ఇది మీ గ్రూపులో పెట్టండి.

మీ డబ్బుతో చేయదగ్గది ఇంకోటి. సుగ్గికి బయల్దేరే ముందు, తిరిగొచ్చాక, ఊర్లో ఏఎన్ఎంని, ఆశాని పిలిచి పిల్లలందరికీ బరువు, ఎత్తు, జబ్బ కొలత చూపించండి. ఆర్నెల్లు దాటిన బిడ్డకి జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది ఎమర్జెన్సీ కిందే లెక్క, పీహెచ్‌సీకి తీసుకెళ్ళాలి, జబ్బు కూడా ఉంటే ఎన్ఆర్‌సీలో, అంటే పోషకాహార పునరావాస కేంద్రంలో అడ్మిట్ చేయాల్సి వస్తుంది. ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో ఎంఎల్, అది ఫ్రీగా ఇస్తారు, సీసా తీసుకుపోమనండి. పురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తారు, ఫిబ్రవరి అంటే వీళ్ళు మిరప చేలో ఉంటారు, అక్కడి సెంటర్లో అడిగి వేయించుకోవాలి. బాలామృతం ప్యాకెట్ గురించి ఒక మాట, రెండున్నర కిలోలు బిడ్డకి నెలకని ఇస్తే ఇంటిల్లిపాదీ ఉండలు చేసుకుని వారంలో తినేస్తారు. వాళ్ళని తిట్టొద్దు, ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఒక్కదానికే పెట్టి మిగతావాళ్ళని చూస్తూ కూర్చోమని ఏ తల్లి అంటుంది.

డల్లాస్_బావ

ఇక్కడ అమెరికాలో మా ఆవిడ హెడ్ స్టార్ట్ సెంటర్లో అసిస్టెంట్ టీచర్‌గా చేస్తుంది కాబట్టి రెండు ముక్కలు. ఇది 1965లో లిండన్ జాన్సన్ టైంలో పేదరికం మీద యుద్ధం అన్నప్పుడు మొదలైంది, పేద ఇళ్ళ పిల్లలకి మూడు నుంచి ఐదేళ్ళ దాకా ఫ్రీ, చదువు, తిండి, పళ్ళ డాక్టర్, అన్నీ. మన అంగన్‌వాడీల్ని నడిపే పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న వచ్చింది, ఐడియా దాదాపు అదే. కోసిగి తమ్ముడి ప్రశ్న చదివితే నాకు గుర్తొచ్చింది వేరేది, ఇక్కడ పొలం కూలీల పిల్లల కోసమే మైగ్రెంట్ అండ్ సీజనల్ హెడ్ స్టార్ట్ అని ఉంది, 1969 నుంచి. పంట కోత సీజన్‌ని బట్టి సెంటర్లు తెరుస్తారు, కూలీలు పొద్దున్నే పోతారు కాబట్టి సెంటర్ కూడా పొద్దున్నే, పసిబిడ్డల్ని కూడా తీసుకుంటారు. అంటే కూలీ ఎక్కడికి పోతే బడి అక్కడికి పోవాలి అనేది కొత్త ఆలోచనేం కాదు, మనవాళ్ళు గుంటూరు సైడ్ మూడు నెలలు చేయలేరా.

అమెరికాలో అంతా బాగుందని కాదు. 2021లో ఇక్కడ పిల్లలున్న ఇళ్ళకి నెలనెలా డబ్బు వేశారు, ఆరేళ్ళ లోపు బిడ్డకి 300 డాలర్లు, అర్ధ సంవత్సరం పాటు. ఆ ఏడు పిల్లల పేదరికం 5.2 శాతానికి పడిపోయింది. తర్వాత ఆపేశారు, 2022లో 12.4. తల్లిదండ్రుల శ్రద్ధ గురించి పైన ఎవరో అన్నారు, ఒక్క ఏడాదిలో ఇంతమంది తల్లిదండ్రులకి శ్రద్ధ వచ్చి పోయిందంటారా?

నిజం_నిష్ఠూరం

సరే సరే, ఫీజుల మాట వెనక్కి తీసుకోను గానీ జబ్బ కొలత, మందుల సంగతి బాగుంది. మా ఊర్లో కూడా అడుగుతా.

కోసిగి_కుర్రోడు

అందరికీ థాంక్స్, గ్రూపులో మొత్తం ఫార్వర్డ్ చేసినా, టీవీ బ్యాచ్ సైలెంట్ అయిపోయింది, వార్డు మెంబర్ గాడు మాత్రం గోడ బొమ్మలు వదలనంటున్నాడు, వాడి సొంత డబ్బుతో ఏయించుకోమన్నాం. టీచరక్కా, మీకు ఒకటి రెండు ప్రశ్నలు. మనిషిని పెట్టాలంటే సెంటర్లో పెట్టనిస్తారా? మా ఊర్లో ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్న అమ్మాయి ఉంది, పిల్లలంటే ఇష్టం. నెలకి 3 వేలు ఇస్తే పది నెలలకి 30 వేలు, మిగతాది చాపలు, పుస్తకాలు. కానీ పిల్లలే ఊర్లో లేనప్పుడు ఆ అమ్మాయి ఏం చేయాలి?

మిరప_నేల_టీచరమ్మ

సెంటర్లో మనిషిని పెట్టడం మీ ఊరి టీచర్ చేతుల్లో ఉండదు తమ్ముడూ, సూపర్‌వైజర్ ద్వారా పై ఆఫీసరు సీడీపీఓకి లెటర్ పెట్టుకోండి, సర్పంచ్ సంతకం ఉంటే మంచిది. ముందు మీ టీచర్‌ని కూర్చోబెట్టి మాట్లాడండి, ఆమెకి తెలియకుండా పైకి వెళ్తే ఆమె మీద కంప్లైంట్ ఇచ్చినట్టు అవుతుంది, తర్వాత ఎంత మంచి పని అయినా నడవదు. ఒప్పుకోకపోతే సాయంత్రం పూట గుడి అరుగు మీదో ఎవరి వసారాలోనో ఆడించొచ్చు, దానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే చాలు. డబ్బులు మాత్రం నెలనెలా ఆ అమ్మాయి అకౌంట్‌లోనే వేయండి, మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మూడు నెలలకే పని ఆగిపోతుంది.

పిల్లలు ఊర్లో లేనప్పుడు అన్నారు కదా, ఆ అమ్మాయికి అసలు పని అప్పుడే ఉంది. బండ్లు బయల్దేరే ముందు ఇల్లిల్లూ తిరిగి ఎవరు పోతున్నారు, ఎన్నేళ్ళ పిల్లలు, ఏ మేస్త్రీ, ఏ ఊరు అని నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ లిస్టు పెట్టుకుని మీ టీచర్ యాప్‌లో మైగ్రేషన్ కొట్టాలి, పిల్లలకి ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో అవుతుంది. తల్లీబిడ్డల కార్డు, ఆధార్ జిరాక్స్ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి తల్లికి ఇవ్వండి, గుడారంలో మంచుకి కాగితాలు తడిసిపోతాయి. ఒక్కో బిడ్డకి ఒక పలక, ఒక బొమ్మల పుస్తకం కూడా అందులోనే పెట్టండి.

ఊరి పేరు తెలిశాక అక్కడి అంగన్‌వాడీ టీచర్ నంబర్ పంచాయతీలో అడిగితే ఇస్తారు. ఒక ఫోన్ చేసి "మా పిల్లలు ఇంతమంది ఫలానా రైతు చేలోకి వస్తున్నారు" అని చెప్తే మాకు చాలా తేడా వస్తుంది, ముందు నెలలోనే సరుకు కావాలని పెట్టే ఇండెంట్‌లో రాసుకుంటాం. వాళ్ళు దిగాక తెలిస్తే సరుకు వచ్చేసరికి కోతలే అయిపోతాయి. పత్తికి ఈపాటికే కొన్ని బండ్లు కదిలుంటాయి, మీరు లెటర్ సంగతి తర్వాత చూసుకుని ముందు ఆ లిస్టు పని మొదలుపెట్టించండి.